బ్యాటరీ లేని రేడియో పలకాలంటే

అమ్మా, నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను. నాకు సరిగ్గా అర్థమైందో లేదో నీకూ తెలుస్తుంది. తెనాలి దగ్గర పల్లెలో తొమ్మిదో తరగతి చదువుతున్నావు. వీడియో చూసి బ్యాటరీ లేని రేడియో కట్టావు. పీవీసీ పైపు మీద తీగ చుట్టావు, పాత ట్రాన్సిస్టర్‌లోంచి స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్ ఊడదీశావు, ఇంట్లో దొరికిన 1ఎన్4007 డయోడ్ వేశావు, ఫోన్ ఇయర్‌ఫోన్ వైర్లు కోసి తగిలించావు, డాబా మీద పది మీటర్ల వైరు లాగావు. చిన్న గరగర కూడా రాలేదు. బ్యాటరీయే లేకుండా శబ్దం ఎలా వస్తుంది, వీడియోలో మోసం చేశారా అన్నది నీ మొదటి ప్రశ్న. ఈ కాలంలో రేడియో నేర్చుకుని ఏం లాభం, హామ్ లైసెన్సు (సరదాగా సొంత రేడియో స్టేషన్ నడుపుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) నీ వయసు వాళ్లకి ఇస్తారా, ఆర్డుయినో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు) కొనాలా అన్నవి మిగతావి. పరీక్షల ముందు ఇదేం పిచ్చి అని మీ అమ్మగారు టెన్షన్ పడుతున్నారని కూడా రాశావు.

మోసం ఏమీ లేదు. ఇలాంటి సెట్టు పలుకుతుంది, నేను చాలా కట్టాను. నీ సెట్టులో నువ్వు చేసిన పని కూడా చాలావరకు సరైనదే. డయోడ్, ఇయర్‌ఫోన్, ఎర్త్, ఈ మూడింటి దగ్గరే తేడా వచ్చింది. అవి ఎందుకు సరిపోలేదో అర్థమైతే నీ మొదటి ప్రశ్నకి జవాబు అందులోనే దొరుకుతుంది.

నీ చెవిలో పడాల్సిన శబ్దానికి కావలసిన శక్తి అంతా స్టేషన్ పంపినదే. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారం 837 కిలోహెర్ట్జ్ మీద, 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌తో నడిచేది. ఆ శక్తి నాలుగు దిక్కులకీ పరుచుకుంటూ వస్తుంది. ట్రాన్స్‌మిటర్ మీ ఊరికి 30 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. దారిలో నేల పీల్చుకునేది వదిలేసి లెక్క కడితే మీ డాబా దగ్గర మీటరు ఎత్తుకి సుమారు 0.1 వోల్టు ఉంటుంది. వైరుని అయిదు మీటర్ల ఎత్తున కడితే అర వోల్టు. అదీ అన్నీ కలిసొస్తేనే. నీకు దొరికేది అంతే. దాన్ని ఏ మెట్టులోనూ పారబోసుకోకుండా చెవి దాకా తీసుకురావాలి. బ్యాటరీ ఉన్న రేడియో అయితే దారిలో ఎంత పోయినా మళ్లీ పెంచుకుంటుంది. నీ సెట్టుకి ఆ వీలు లేదు. అందుకే దీని మీద నేర్చుకున్నంత శుభ్రంగా ఇంకే సెట్టు మీదా నేర్చుకోలేం.

అన్నిటికంటే ముందు మామూలు ట్రాన్సిస్టర్ ఒకటి ఎరువు తెచ్చి మీ డాబా మీద పెట్టి, మీడియం వేవ్‌లో 837 దగ్గర ఏం వస్తోందో విను. చాలాచోట్ల మీడియం వేవ్ ప్రసారాలు తగ్గించారు, కొన్నిచోట్ల డీఆర్ఎం అనే డిజిటల్ పద్ధతి పెట్టారు. డిజిటల్ ప్రసారాన్ని నీ సెట్టు విప్పలేదు, ఉత్త హోరు వస్తుంది. ఎఫ్ఎం కూడా దీనికి పనికిరాదు. ట్రాన్సిస్టర్‌లో మాట స్పష్టంగా, గట్టిగా వినిపిస్తేనే నీ సెట్టుని అనుమానించాలి. పట్టుకోవడానికి ఏమీ లేనిచోట వల వేసి, వల బాగాలేదనుకోకూడదు కదా.

ఇప్పుడు డయోడ్. మీ పొలంలో బోరు మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వ్ చూసి ఉంటావు. నీళ్లని పైకి పోనిస్తుంది, కిందకి రానివ్వదు. డయోడ్ కరెంటుకి అలాంటిదే. స్టేషన్ పంపే అల సెకనుకి 8,37,000 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు ఎంత ఎత్తున ఉందన్న దాంట్లోనే అనౌన్సర్ గొంతు దాగి ఉంటుంది. గట్టిగా పలికితే ఎత్తు పెరుగుతుంది, మెల్లగా పలికితే తగ్గుతుంది. అయితే పైకి ఎంత ఊగుతుందో కిందకీ అంతే ఊగుతుంది కాబట్టి, ఇయర్‌ఫోన్‌కి నేరుగా ఇస్తే రెండూ చెల్లుకు చెల్లు. ఒక సగాన్ని ఆపేస్తేనే గొంతు బయటపడుతుంది. ఆ ఆపే పని డయోడ్‌ది.

నువ్వు వేసిన 1ఎన్4007 సిలికాన్‌ది. దాని తలుపు బిరుసు. సుమారు 0.6 వోల్టు ఒత్తిడి పడితే గానీ బాగా తెరుచుకోదు. నీ దగ్గర ఉన్నదేమో అర వోల్టు. ఇంకో లోపం కూడా ఉంది. అది ఇంట్లో వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు కోసం తయారైన డయోడ్. 837 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ఊపు మొత్తం 1.2 మైక్రోసెకన్లలో అయిపోతుంది. అంతలో ఆ తలుపు మూసుకోవడానికే టైం చాలదు. ఫుట్‌వాల్వ్‌లో రాయి ఇరుక్కుంటే నీళ్లన్నీ వెనక్కి జారిపోయినట్టు అవుతుంది.

నీకు కావలసింది జెర్మేనియం డయోడ్. ఓఏ79, 1ఎన్34ఏ, 1ఎన్60 అని అడుగు. పాత ట్రాన్సిస్టర్ బోర్డు నీ దగ్గరే ఉంది కాబట్టి, అందులో చివరి ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ (లోహపు డబ్బీలా ఉంటుంది) పక్కన చిన్న గాజు డయోడ్ ఉందేమో చూడు. ఉంటే అదే. జాగ్రత్తగా ఊడదియ్యి, జెర్మేనియం వేడికి తొందరగా పాడవుతుంది. కాళ్లని ముక్కుపట్టకారుతో పట్టుకుని టంకం వేస్తే వేడి పట్టకారులోకి పోతుంది.

కొన్న డయోడ్‌ని మాత్రం నమ్మకం మీద వెయ్యకు. మొన్నామధ్య నేను జెర్మేనియం అని రాసి ఉన్న పది డయోడ్లు తెప్పించుకున్నాను. చూడటానికి గాజువే, గీత కూడా ఉంది. మల్టీమీటర్‌ని డయోడ్ గుర్తు దగ్గర పెట్టి ఒక్కొక్కటీ చూస్తే పదికి పదీ 0.6 చూపించాయి. అన్నీ సిలికానే. అసలు జెర్మేనియం అయితే 0.2, 0.3 మధ్య చూపించాలి. నువ్వూ అలాగే చూసుకో. ఎర్ర వైరు, నల్ల వైరు అటూ ఇటూ మార్చి చూస్తే ఒక వైపే అంకె రావాలి.

ఈ డయోడ్ వెనక మనవాళ్ల కథ ఒకటి ఉంది, నీకు తెలియాలి. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల పొడవున్న అలలు పుట్టించి చూపించారు. ఆ అలలని పట్టడానికి ఆయన వాడి చూసిన వాటిలో గెలీనా ఒకటి, అంటే సీసపు ఖనిజం. ఆ డిటెక్టర్‌కి 1904లో అమెరికా పేటెంటు ఆయన పేరు మీద వచ్చింది. తర్వాత ప్రపంచమంతా ఇళ్లలో వాడిన క్రిస్టల్ రేడియోలు గెలీనా ముక్క మీద సన్నటి తీగ మొన ఆనించి విన్నవే. నీ చేతిలో ఉండే గాజు డయోడ్‌లో కూడా జెర్మేనియం ముక్క మీద ఆనిన తీగ మొనే ఉంటుంది. వెలుగులో పెట్టి భూతద్దంతో చూడు, కనిపిస్తుంది.

ఇయర్‌ఫోన్ సంగతికి వస్తాను. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఫోన్ ఇయర్‌ఫోన్ 16 ఓములో 32 ఓములో ఉంటుంది. మీ డాబా మీద ట్యాంకులోకి సన్నటి పైపులోంచి నీళ్లు బొట్టుబొట్టుగా వస్తున్నాయనుకో. కింద పెద్ద గేట్‌వాల్వ్ తిప్పేస్తే ట్యాంకులో నీళ్లు నిలుస్తాయా? 32 ఓముల ఇయర్‌ఫోన్ అలా నీ కాయిల్‌లో ఉన్న కాస్త వోల్టేజీనీ పీల్చేస్తుంది. దానికి ఎక్కువ కరెంటు కావాలి, నీ దగ్గర లేదు. కొద్ది కరెంటుతో పలికే ఇయర్‌ఫోన్ కావాలి. పాతకాలంలో 2000 ఓముల హెడ్‌ఫోన్లు ఉండేవి. ఇప్పుడు క్రిస్టల్ ఇయర్‌ఫోన్ అని అడిగితే దొరుకుతుంది, ఒక చెవికి పెట్టుకునేది. అది వేస్తే దాని రెండు వైర్ల మధ్య 47 కిలోఓముల రెసిస్టర్ ఒకటి తప్పకుండా పెట్టు (పసుపు, వంకాయ రంగు, నారింజ గీతలు). అది లేకపోతే డయోడ్ దాటిన కరెంటు వెళ్లే దారి లేక అక్కడే పేరుకుపోతుంది, మాట నొక్కేసినట్టు వస్తుంది.

క్రిస్టల్ ఇయర్‌ఫోన్ దొరకలేదా, ఇంకో ఉపాయం ఉంది. 230 నుంచి 6 వోల్టులకి దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పాత ఎలిమినేటర్లలో (బ్యాటరీకి బదులు రేడియోకి కరెంటు ఇచ్చే డబ్బీలు) ఉంటుంది. దాని 230 వోల్టుల వైపు నీ డయోడ్‌కి, 6 వోల్టుల వైపు ఫోన్ ఇయర్‌ఫోన్‌కి కలుపు. చుట్ల నిష్పత్తి దాదాపు 38. దాన్ని దానితోనే గుణించి 32తో హెచ్చవేస్తే 46 వేల ఓములు. అంటే నీ కాయిల్‌కి ఆ ఇయర్‌ఫోన్ 46 కిలోఓములదిలా కనిపిస్తుంది. ఒక్క మాట, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఉన్న ప్లగ్గు ముందే కోసి పారెయ్యాలి. అది సాకెట్ దగ్గరికి ఎప్పటికీ పోకూడదు. ఈ పని మీ నాన్నగారినో అన్ననో పక్కన పెట్టుకుని చెయ్యి.

ఇయర్‌ఫోన్ బాగుందో లేదో తెలుసుకోవడం తేలిక. టార్చిలైటు సెల్ ఒకటి తీసుకుని వైర్లు తగిలించి తీస్తూ ఉంటే టిక్ టిక్ అనాలి. అనకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా లాభం లేదు.

కాయిల్ గురించి ఎక్కువ చెప్పను, నువ్వు బాగానే చుట్టావు. 50 మిల్లీమీటర్ల పైపు మీద 26 గేజి తీగ, 75 చుట్లు అన్నావు. అది దాదాపు 230 మైక్రోహెన్రీలు (కాయిల్‌కి కొలత) వస్తుంది. 837కి గ్యాంగ్ 157 పికోఫారడ్ల (కండెన్సర్‌కి కొలత) దగ్గర ఉండాలి, గ్యాంగ్ సుమారు మధ్యలోకి వస్తుందన్నమాట. అట్లతద్ది ఉయ్యాలలు ఊగావా? ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరైన క్షణంలో చిన్నగా తోస్తే చాలు, కొమ్మ దాకా పోతుంది. టైం తప్పి తోస్తే ఉన్న ఊపు కూడా ఆగిపోతుంది. కాయిల్, గ్యాంగ్ కలిసి ఒక ఉయ్యాల. గ్యాంగ్ తిప్పడమంటే ఆ ఉయ్యాల ఊగే వేగాన్ని స్టేషన్ తోపుతో కలపడం. ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో దీన్ని అనునాదం పేరుతో లెక్కలతో సహా చెప్తారు. అప్పుడు నీకు అది కొత్త పాఠంలా అనిపించదు.

అయితే పదిమీటర్ల యాంటెన్నా వైరు తనే సుమారు 100 పికోఫారడ్ల కండెన్సర్‌లా ప్రవర్తిస్తుంది. దాన్ని నేరుగా కాయిల్ కొసకి కలిపితే నీ లెక్క అంతా చెడుతుంది, ఉయ్యాల తాడు మీద ఇంకో మనిషి కూర్చున్నట్టు. కాయిల్ ఎర్త్ కొస నుంచి పదో చుట్టు, ఇరవయ్యో చుట్టు, ముప్పయ్యో చుట్టు దగ్గర తీగని కాస్త బయటికి లాగి మెలిపెట్టి, యాంటెన్నాని ఒక్కోచోట తగిలించి చూడు. ఎక్కడ బాగా వినిపిస్తే అక్కడ ఉంచు.

ఇక నేను స్వయంగా పడ్డ కష్టం ఒకటి చెప్తాను. నా మొదటి సెట్టు నీ వయసులోనే కట్టాను. మూడు వారాలు ఒక్క ముక్క వినపడలేదు. డయోడ్ మార్చాను, యాంటెన్నా ఇంకో చెట్టుకి కట్టాను, కాయిల్ విప్పి మళ్లీ చుట్టాను. మా ఊళ్లో మోటారు వైండింగ్ చేసే ఆయన ఒకరోజు సెట్టు చేతిలోకి తీసుకుని, ఏమీ అనకుండా జేబులోంచి బ్లేడు తీసి కాయిల్ తీగ కొసని గీకాడు. గోధుమ రంగు పొర లేచిపోయి లోపల కొత్త రాగి మెరిసింది. రెండో కొసా గీకాడు. వైండింగ్ తీగ మీద పల్చటి ఎనామిల్ పూత ఉంటుంది. ఆ పూత మీదే నేను మెలిపెట్టి కలిపానన్నమాట, కరెంటు ఎలా వెళ్తుంది? మళ్లీ కలిపి హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుంటే ఎక్కడో దూరంగా, ఇత్తడి బిందెలో మాట్లాడుతున్నట్టు, మనిషి గొంతు. వార్తలు చదువుతున్నారు. ఏ వార్తో గుర్తు లేదు గానీ, చెవి నొప్పి పుట్టేదాకా హెడ్‌ఫోన్ తియ్యలేదు. నువ్వూ ఇప్పుడే ఉప్పు కాగితం తీసుకుని అన్ని కొసలూ, మెలిపెట్టిన చోట్లూ మెరిసేదాకా రుద్దు. మల్టీమీటర్‌తో ఒక కొస నుంచి ఇంకో కొసకి ఓములు చూడు. ఒక ఓము, రెండు ఓములు లోపే చూపించాలి.

ఎర్త్ గురించి నువ్వు ఒక్క మాట కూడా రాయలేదు. అంటే పెట్టలేదని అనుకుంటున్నాను. యాంటెన్నాలోకి వచ్చిన కరెంటు నేలలోకి దిగాలి, అప్పుడే అది కాయిల్ గుండా ప్రవహిస్తుంది. ఎర్త్ లేని సెట్టు ఒక కాలు మీద నిలబడ్డట్టే. మీది డెల్టా నేల, తడి నల్లమట్టి, ఇంతకంటే మంచి ఎర్త్ దొరకదు. ఊళ్లో పాత బోరింగు ఉంటే దాని ఇనప గొట్టం గీకి వైరు చుట్టు. లేకపోతే మీటరున్నర ఇనప కడ్డీ దిగ్గొట్టి నీళ్లు పొయ్యి. బోరుకి వేసిన ప్లాస్టిక్ పైపు పనికిరాదు. ఇంట్లో ప్లగ్గు సాకెట్‌లో ఉండే ఎర్త్ కన్నంలో వైరు పెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు. ఆ వైరింగు తప్పుగా ఉంటే ప్రాణం పోతుంది.

యాంటెన్నా వైరు కరెంటు తీగల పైనుంచి గానీ కింద నుంచి గానీ పోకూడదు. తెగి పడితే అటు తగలనంత దూరంలో ఉండాలి. డాబాకీ కొబ్బరి చెట్టుకీ మధ్య, రెండు కొసలా నైలాన్ తాడు ముక్కలతో కట్టు. పదికి బదులు పదిహేను ఇరవై మీటర్లు లాగగలిగితే ఇంకా మంచిది. మబ్బు పట్టి ఉరుములు మొదలవక ముందే యాంటెన్నాని సెట్టు నుంచి తీసి, బయటే ఎర్త్ కడ్డీకి కలిపెయ్యి. ఉరుము వినిపించాక వైరు ముట్టుకోకు. మన జిల్లాల్లో పిడుగులు ఎంతమందిని తీసుకుపోతాయో నీకు తెలుసు.

ఈ కాలంలో రేడియో ఎందుకు అన్నావు కదా. నీ చేతిలో ఫోన్ రేడియోనే. వైఫై, బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. విజయవాడ అల 358 మీటర్లయితే వైఫై అల పన్నెండున్నర సెంటీమీటర్లు, అంతే తేడా. జీపీఎస్ ఉపగ్రహం నుంచి నీ ఫోన్‌కి చేరే శక్తి ఎంతో తెలుసా? ఒక వాట్‌ని కోటి కోట్లతో భాగించి, దాన్ని మళ్లీ వందతో భాగిస్తే వచ్చేంత. నీ సెట్టు పడుతున్న అవస్థే అక్కడా, ఇంకా కష్టంగా. తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాలు పరిచిన రాడార్ ఉంది, 53 మెగాహెర్ట్జ్‌ది. మెగావాటు స్థాయి శక్తిని ఆకాశంలోకి పంపి, గాలి పొరల నుంచి తిరిగొచ్చే అతి చిన్న ప్రతిధ్వని విని పైన గాలి ఎటు ఎంత వేగంగా వీస్తోందో చెప్తుంది. అక్కడ పనిచేసేవాళ్లూ రోజంతా చేసేది, వచ్చిన కాస్త సంకేతాన్ని పోగొట్టుకోకుండా చూడటమే.

హామ్ లైసెన్సుకి మన దేశంలో 12 ఏళ్లు నిండితే చాలు, నీకు అర్హత ఉంది. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెడుతుంది. రెండు స్థాయిలు ఉన్నాయి. రిస్ట్రిక్టెడ్‌కి మౌలిక ఎలక్ట్రానిక్స్, నిబంధనలు చదివితే సరిపోతుంది. జనరల్‌కి మోర్స్ కోడ్ (చుక్కలు, గీతలతో కబురు పంపే పద్ధతి) కూడా రావాలి. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ, ఎన్ఐఏఆర్ అంటారు, 1983 నుంచి ఉంది. ఆ సంస్థకి చెందిన భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో ఒక బృందంతో అండమాన్ వెళ్లి హామ్ స్టేషన్ నడిపారు. అదే నెల 26న సునామీ వచ్చి ఫోన్లు పోయాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి వాళ్ల రేడియోలే కబుర్లు చేరవేశాయి. అప్పటిదాకా సరదాగా నేర్చుకున్న విద్యే ఆ రోజుల్లో ఎంతోమంది ఇళ్లకి మనవాళ్లు బతికే ఉన్నారన్న మాట తీసుకెళ్లింది. నాకు ఈ పని మీద గౌరవం ఎందుకో అడిగితే ఆ సంగతే చెప్తాను.

లైసెన్సు వచ్చేదాకా వినడమే, పంపడం వద్దు. చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కిట్లు బజార్లో దొరుకుతాయి, కొనకు. అనుమతి లేకుండా ప్రసారం చేయడం చట్టప్రకారం నేరం. వినడానికే బోలెడుంది. రాత్రి పూట మీడియం వేవ్ మీద పగలు రాని దూరపు స్టేషన్లు వస్తాయి. పగలు ఆ అలల్ని మింగేసే పైపొర ఒకటి సూర్యుడు దిగగానే చెదిరిపోతుంది కాబట్టి. ముందుముందు మంచి రిసీవర్ దొరికితే 145.800 మెగాహెర్ట్జ్ మీద అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీ ఊరి మీదుగా పోతున్నప్పుడు విని చూడు.

ఆర్డుయినో కొనమంటావా అని అడిగావు. కొనుక్కో, కానీ దానికంటే ముందు ఒక మల్టీమీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉండాలని నా అభిప్రాయం. ప్రోగ్రాం రాసి లైటు వెలిగించినప్పుడు లోపల ఏం జరిగిందో కనపడదు. కాయిల్, డయోడ్ అయితే ఒక్కో చోటా వోల్టు ఎంతో కొలుచుకోవచ్చు. టంకంలో సీసం ఉంటుంది, పని అవగానే సబ్బుతో చేతులు కడుక్కో, తింటూ చెయ్యకు.

మీ అమ్మగారితో పోట్లాడకు. ఆదివారం రెండు గంటలు అని ఒప్పందం చేసుకో. సెట్టు పలికిన రోజు ఇయర్‌ఫోన్ మొదట ఆవిడ చెవికే పెట్టు.

ఈ ఆదివారం ఈ వరసలో చెయ్యి: ఎరువు తెచ్చిన ట్రాన్సిస్టర్‌తో స్టేషన్ చూడటం, కొసలు రుద్దడం, ఎర్త్ పెట్టడం, ఆ తర్వాతే డయోడ్, ఇయర్‌ఫోన్ మార్చడం. ఒకసారికి ఒకటే మార్చు, మార్చిన ప్రతిసారీ నోటుపుస్తకంలో రాసుకో. అప్పటికీ మూగగానే ఉంటే డయోడ్‌కి మల్టీమీటర్ ఏ అంకె చూపించిందో, కాయిల్ ఎన్ని ఓములు ఉందో, ఎర్త్ దేనికి కట్టావో, ఈ మూడూ నాకు రాయి.